వంతెనకు అవతల పుట్టినవాడు

నర్సమ్మకి ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున జిల్లా ఆఫీసు గుమాస్తా వచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ అదే వరస. కూరలో రెండుసార్లు ఉప్పేసింది. తడిసిన మొక్కలకే మళ్లీ నీళ్లు పోసింది.

గుమాస్తా అడిగింది చిన్న సంతకమే. జిల్లాలో పుట్టి పేరు తెచ్చుకున్న పన్నెండు మంది మీద పుస్తకం వేస్తున్నారు. మొదటి పేజీ ఓ పేరున్న పాటగాడిది.

"ఆయనకి పురుడు పోసింది మీరేనటగా. మన ఆసుపత్రిలోనే పుట్టాడని ఒక్క ముక్క రాసివ్వండమ్మా" అన్నాడు.

కళ్లజోడు కనబడటం లేదు, రేపు రమ్మంది. కళ్లజోడు ఆవిడ మెడలోనే వేలాడుతోంది. గుమాస్తా చూసీ చూడనట్టు వెళ్లిపోయాడు.

యాభై రెండేళ్ల కిందటి సంగతి. అక్కగారింటి నుంచి బస్సులో తిరిగొస్తోంది. వంతెన మీద లారీ బోల్తాపడి, బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. అవతలిది పక్క జిల్లా. వెనక సీట్లో ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయి. మగవాళ్లందర్నీ దింపేసి, చీర అడ్డం పట్టించి, ఆ సీట్లోనే బిడ్డని బయటికి తీసింది. గంటకి దారి తెరిచాక ఇద్దర్నీ తను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి తీసుకొచ్చింది. పచ్చి బాలింతని కాగితం కోసం పక్క జిల్లాకి ఏం తిప్పుతాంలే అని, జనన రిజిస్టరులో పుట్టిన చోటు అన్నదాని ఎదురుగా ఆసుపత్రి పేరే రాసేసింది.

"సంతకం పెట్టి పడేయండి అత్తయ్యా. మీకెందుకీ గొడవ?" అంది కోడలు.

"అప్పుడు బాలింత కోసం రాశానమ్మా. ఇప్పుడు ఎవరి కోసం రాయను?"

మర్నాడు గుమాస్తా వచ్చేదాకా ఆగలేక తనే ఆఫీసుకి వెళ్లింది. అంతా విని అతను తల పట్టుకున్నాడు.

"పక్క జిల్లావాళ్లకి తెలిస్తే ఎగరేసుకుపోతారమ్మా. వాళ్లకసలే పాటగాళ్లు లేరు."

"ఆ తప్పుకి ఇప్పుడు నన్నేమన్నా చేస్తారా నాయనా?"

"చేస్తే నన్ను చేస్తారు లెండి" అంటూ లోపలికెళ్లాడు.

ఆవిడ బల్ల మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చివరికి ఆఫీసరే బయటికొచ్చాడు.

"ఆ బస్సు ఏ డిపోదమ్మా?"

"మన డిపోదే."

ఆఫీసరు మొహం విప్పారింది.

నెల తిరిగేసరికి పుస్తకం ఇంటికొచ్చింది. 'మన డిపో బస్సులో, వంతెనకు అవతల పుట్టి, గంటలోనే ఇవతలికి వచ్చినవారు' అని ఉంది. రెండుసార్లు చదువుకుని, హమ్మయ్య అనుకుంది. తీరిగ్గా పేజీలు తిప్పుతూ కుస్తీ యోధుడి దగ్గర ఆగిపోయింది. కవలల్లో ఇతనే పెద్దవాడని వేశారు. ఆ కవలలకి పురుడు పోసిందీ తనే; ముందు తన చేతుల్లో పడింది ఇతను కాదు, ఆ రెండోవాడు కదూ.

పుస్తకం మూసింది. తెరిచింది. లేచి నిలబడింది.

"నా చెప్పులెక్కడ పెట్టావమ్మా?" అని కోడల్ని అడిగింది.