సౌభాగ్యవతి పక్కన ఖాళీ

మా ప్రెస్సులో కంపోజిటరు ఆరోగ్యాన్ని మించిన పనిమంతుడు లేడు. ఈ మాట ఒకరోజు పదిమంది ముందు అనాల్సింది. నేను అనలేదు.

ముసునూరు నుంచి రోజూ సైకిలు మీద నూజివీడు వచ్చేవాడు. లక్ష్మీనరసింహారావుగారి ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు సీసపు అక్షరాలు ఏరి పేర్చాడు. నేను ట్రెడిల్ అచ్చుమిషను తొక్కేవాణ్ణి. శుభలేఖల్లో ఎప్పుడూ వచ్చే మాటల్ని ఆరోగ్యం మళ్ళీ మళ్ళీ పేర్చేవాడు కాదు. 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అని ఒకసారి పేర్చి, చివర ఎడం కోసం అచ్చుపడని ఒక ఖాళీ ముక్క కూడా పెట్టి, పురికొసతో కట్టి అరలో ఉంచేవాడు. పని రాగానే ఆ కట్ట దించి పక్కన పెళ్ళికూతురి పేరు చేర్చడమే. పేరుకి ముందు ఉండాల్సిన ఎడం ఆ కట్టలోనే ఉంది కాబట్టి ఇంకొకటి పెట్టకూడదు. ఇది అతనికి తెలుసు, చూసి చూసి నాకూ తెలుసు. ఓనరుకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఎనభై ఆరు ఏప్రిల్. ఒకపక్క మామిడికాయల బుట్టలకి లేబుళ్ళు, ఇంకోపక్క శుభలేఖలు, ఊపిరాడటం లేదు. రెడ్డిగూడెం పాండురంగారావుగారు తన కూతురు పుష్పవతి పేరు పెద్దక్షరాల్లో ఉండాలన్నారు. ఆరోగ్యం అన్నానికి వెళ్ళినప్పుడు ఓనరే కూర్చుని ఆ పేరు పేర్చారు. దాని ముందు తనూ ఒక ఖాళీ ముక్క పెట్టారు, అదీ పెద్ద సైజుది. నేను చూశాను. చెబితే నాకే నేర్పుతావా అంటారని ఊరుకున్నాను. ప్రూఫు కూడా తీయనివ్వకుండా "ఎక్కించరా" అన్నారు. ఐదొందలు కొట్టాను.

మర్నాడు పాండురంగారావుగారు తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. వెంకాయమ్మగారు శుభలేఖల కట్ట బల్ల మీద విసిరికొట్టింది.

"సౌభాగ్యానికీ మా పిల్లకీ మధ్య ఇంత ఖాళీ ఏంటయ్యా? పెళ్ళిపీటల మీద కూర్చోబోయే పిల్లకి ఎంత అశుభం!"

ఓనరు కళ్ళార్పలేదు. "మా కంపోజిటరు నిర్వాకమండీ. చర్చికి పోయేవాడు, మన శుభాశుభాలు వాడికేం తెలుస్తాయి?"

ఈ చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళ శుభలేఖలు పేర్చిన చేతులవి! ఆరోగ్యం ముఖం నల్లబడింది. నావైపు తిరిగాడు.

"ఆ పేరు పేర్చిందెవరో నువ్వు చూశావుగా పెద్దిరాజూ. చెప్పు."

"నేను మిషను మీదున్నానన్నా. చూళ్ళేదు."

నా గొంతు వణకనైనా వణకలేదు, సిగ్గులేని గొంతు. అతను నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది! కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, క్యారేజీ తీసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ ప్రెస్సులోనూ అతన్ని పెట్టుకోలేదు. తోటల్లో కాయలు కోశాడని విన్నాను.

పాండురంగారావుగారు వాళ్ళు వెళ్ళాక ఓనరు నన్ను పిలిచారు. "ఆ ఎడం తీసేసి మళ్ళీ కొట్టు. నీకు అక్షరాలు తెలుసుగా, రేపట్నుంచి వాడి స్టూలు మీద నువ్వే."

ఏ ముక్క తీయాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తిన్నగా వెళ్ళి ఆయన పెట్టిన ముక్కే తీశాను.