గెర్లిండె పాడిన పాట

గెర్లిండె కోల్మర్ అనే ఆవిడ చర్చి పాటల బృందంలో చేరింది పాట మీద మోజుతో కాదు. మేజోళ్ల ఫ్యాక్టరీలో పక్క మిషన్ పిల్ల ఒంటరిగా వెళ్లడానికి జంకితే తోడు వెళ్లింది. ఆ పిల్ల నెల తిరక్కుండానే మానేసింది. గెర్లిండె మాత్రం పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, ఫ్యాక్టరీ మూతపడి రొట్టెల కొట్లో కుదిరాక కూడా మంగళవారం సాయంత్రాల పాట సాధన ఏనాడూ వదల్లేదు.

ఆవిడది ఆల్టో, ఆడవాళ్లలో కింది గొంతు. ఒకే పాటను ఒక్కో గొంతు వాళ్లు ఒక్కో వరసలో కలిపి పాడతారు; వాళ్ల ముక్క వాళ్లు బట్టీ పట్టడం, పాడేసి రావడం. జర్మనీలో థురింగియా వాళ్లకు, తమ గడ్డ మీదే పుట్టిన పాతకాలపు సంగీతకర్త బాఖ్ అంటే ఇంటి పెద్ద కింద లెక్క. "ముసలాయన ఈసారీ ఊపిరి తీసుకోనివ్వలేదు" అని, మేనమామ మీద చాడీ చెప్పినట్టు చెప్పేది.

ఈ శీతాకాలం ఆవిడ గొంతు వణకసాగింది. పెద్దవయసు వాళ్లను ఒక్కొక్కరినీ విడిగా పాడించి చూడడం అక్కడ ఆనవాయితీ. చర్చి సంగీతం చూసుకునే కొత్త అమ్మాయి ఊటె విని, నేలచూపులు చూసింది.

"కోల్మర్ గారూ, ఈ గుడ్ ఫ్రైడేకి కింద కూర్చుని వినండి. తీసేసినట్టు కాదు."

"తీసేసినట్టు కాకపోతే మరేమిటమ్మా?"

అలా మొదటిసారి మొగుడు ఎగాన్ పక్కన బల్ల మీద కూర్చుంది. వెనక పై వరండాలో బృందం, ఏటా ఆ రోజు పాడే బాఖ్ సిలువ కథను మొదలుపెట్టింది. మాటలు తెలిసినవే. పాటే ఎక్కడిదో అర్థం కాలేదు. తన ముక్క కోసం చెవులు రిక్కించింది, దొరకలేదు.

"ఏటా పాడేది ఇదేనా?"

"ఇదే. నా కాళ్లు తిమ్మిరెక్కేదీ ఇక్కడే."

మధ్యలో వచ్చే భక్తిగీతానికి జనమంతా లేచి గొంతు కలిపారు. గెర్లిండె ఎగాన్‌ను మోచేత్తో పొడిచింది.

"తప్పు పాడుతున్నావ్."

"నేనొక్కణ్ణేనా? ఊరంతా తప్పే పాడుతోందా?"

మొండికేసి తన ఆల్టోనే పాడింది. ముందు వరుసావిడ వెనక్కి తిరిగి, పాపం అన్నట్టు నవ్వి, పుస్తకంలో రాగం మీద వేలు పెట్టి చూపించింది. రెండో చరణం వాళ్లలాగే పాడబోయింది. వాళ్లు పైకి వెళ్లేచోట ఈవిడ కిందికి దిగిపోయింది. ఇన్నేళ్లు పాడిన పాట తనకు రాదని తెలిసి, సిగ్గుతో నోరు మూసుకుంది.

బయట మెట్ల మీద ఊటె ఎదురైతే అడిగేసింది. "అందరూ పాడింది బాఖ్‌ది. మరి నేనిన్నాళ్లూ పాడింది ఎవరిదమ్మా?"

"ఆ రాగం బాఖ్‌ది కాదండీ. ఆయన పుట్టకముందు నుంచీ జనం పాడుకునేదే. దాని కింద మీ ఆల్టో ఉందే, ఆయన రాసింది అదీ."

గెర్లిండె మొగుడి వైపు చూసింది. "నీకు తెలుసా?"

"నాకేం తెలుసు? పైన అంతమందిలో నీ గొంతేదో ఏనాడూ పోల్చుకోలేకపోయాను. ఇవాళే విన్నాను."

గెర్లిండెకు ఏడుపొచ్చింది.

"వణికిందా?"

"వణికింది."

"అయితే ఇక పైకెళ్లనులే. ఏటా నీకు వినబడేలా నీ పక్కనే నిలబడి నా ఆల్టో పాడతాను."

"అందరూ తిరిగి చూస్తారే!"

"చూడనీ" అంది గెర్లిండె.