ఎర్ర లైటు దగ్గర మా అంబులెన్సు

మా బావగారు సత్యనారాయణ గారికి కొల్లేరు చూడాలన్న కోరిక యాభై ఎనిమిదో ఏట పుట్టింది. ఆయనది అత్తిలి. సొంత పొలంలో వరి పండిస్తారు. సార్వా కోతలు అయిపోయి, రెండో పంట దాళ్వా పనులు ఇంకా మొదలుకాని ఆ నాలుగు ఖాళీ రోజుల్లో, కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు దిగాయని ఎవరో ఆయన ఫోనుకి వీడియో పంపారు. అంతే, తాడేపల్లిగూడెంలో కళ్ళద్దాల దుకాణం నడుపుకుంటున్న నాకు ఫోను చేశారు.

"రేపు షాపు మూసెయ్యవోయ్. కొల్లేరు పోదాం."

"అక్క కూడా వస్తోందాండీ?"

"మీ అక్క రానందోయ్. బాతుల్ని చూడ్డానికి అంత దూరం ఎందుకు, మన కాలవలో లేవా అంటోంది."

మర్నాడు పొద్దున్నే ఆయన అత్తిలి నుంచి మొదటి బస్సులో గూడెం వచ్చేశారు. ఏడు గంటల ప్రాంతంలో పాసింజరు ఎక్కాం. టిక్కెట్టు ధర ప్లాట్‌ఫారం మీద తాగిన టీ, తిన్న రెండు గారెల కంటే తక్కువ. కిటికీ పక్క సీటు బావగారికిచ్చాను. ఉంగుటూరు, పూళ్ళ, భీమడోలు దాటేదాకా ఆయన ఒక్కొక్క చేనూ చూసి ఎవరు కోత ఆలస్యం చేశారో, ఎవరి కుప్ప సరిగ్గా వెయ్యలేదో చెబుతూనే ఉన్నారు. ఎదురుగా కూర్చున్న ఉద్యోగస్థుడొకాయన, "మీరు వ్యవసాయ శాఖాండీ?" అని అడిగాడు. "కాదండి, వ్యవసాయమేనండి," అన్నారు బావగారు.

ఏలూరు స్టేషన్లో దిగి బస్టాండుకి ఆటో ఎక్కాం. దారిలో ఒక కూడలి దగ్గర ఎర్ర లైటు పడింది. లైటు పక్కన అంకెలు ఒకటొకటిగా తగ్గుతున్నాయి. అడ్డంగా వచ్చే రోడ్డు మీద పురుగు కూడా లేదు. బావగారికి కాలు నిలవలేదు.

"ఎవరూ రావట్లేదు కదండీ, పోనివ్వండి."

"పైన కెమెరా ఉందండి," అన్నాడు ఆటో ఆయన. "ఇప్పటికే నా ఫోటో రెండుసార్లు తీసిందండి. రెండింట్లోనూ బాగానే పడ్డాను గానీ, ఇంట్లో మా ఆవిడ మూడోది వద్దందండి."

సిగ్నలు దాటాక వేగ పరిమితి బోర్డు ఒకటి ఉంది. దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ సగం కప్పేసి, ఒక్క సున్నా మాత్రం బయట మిగిలింది. బావగారు దాన్ని తేరిపార చూసి, "ఇందాకటిదాకా ఆపారు, ఇప్పుడు సున్నా స్పీడులో పొమ్మంటున్నారు. ఈ ఊళ్ళో మనిషి ఎప్పటికి ఇల్లు చేరతాడోయ్?" అన్నారు.

బస్టాండు దగ్గర పెసరట్టు ఉప్మా తిని కైకలూరు బస్సెక్కాం. వెళ్ళేవారికి ఒక మాట: ఎడమ పక్క సీటు దొరికితే పొద్దుటి ఎండ మొహం మీద పడుతుంది. మాకు అదే దొరికింది. ఊరు దాటి కొంతదూరం పోయేసరికి రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, ఐసు పెట్టెలు దింపుతున్న లారీలు. బావగారు ముందు సీట్లో గంప పెట్టుకుని కూర్చున్న ఒకావిడని అడిగారు.

"కొల్లేరు ఇంకా ఎంత దూరమండీ?"

"మీరు అరగంట నుంచీ పోతున్నది కొల్లేట్లోనేనండి," అందావిడ.

ఆటపాకలో పడవ ఎక్కేసరికి పదిన్నర దాటింది. గూడబాతుల గురించి నేను వర్ణించడం కంటే మీరు వెళ్ళి చూడడం మంచిది. చెట్ల కొమ్మల నిండా, నీళ్ళలో నిలబెట్టిన ఇనప మంచెల నిండా అవే. ముక్కు కింద సంచి వేలాడేసుకుని, సంతకి వచ్చిన పెద్దమనుషుల్లా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఒక పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంది. రైల్లో నోరు ముయ్యని బావగారు పడవ అంచు పట్టుకుని మెడ సాచి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి, "ఇంత దగ్గర్లో ఉండి ఇన్నేళ్ళూ ఏం చేశానోయ్?" అన్నారు మెల్లగా.

ఆ మాట అంటూనే పడవ దిగబోయి తడి చెక్క మీద జారారు. కింద పడలేదు గానీ ఎడమ మడమ మెలిపడింది. "ఏం లేదోయ్," అని కుంటుకుంటూనే కైకలూరు దాకా వచ్చి, హోటల్లో కొర్రమేను పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నొప్పి అని చెబితే నేను భోజనం మాన్పించి బయల్దేరదీస్తానని ఆయన భయం. చెయ్యి కడుక్కున్నాక పంచె కొంచెం ఎత్తి చూపించారు. మడమ గుత్తివంకాయలా పొంగి ఉంది.

ఏలూరు బస్సు దొరికింది. కానీ అది సగం దారిలో, చుట్టూ చెరువులు తప్ప ఇల్లు లేని చోట, టైరు పంక్చరై ఆగిపోయింది. స్టెప్నీ ఎక్కడానికి చాలాసేపు పడుతుందన్నారు. అప్పుడే వెనక నుంచి అంబులెన్సు ఒకటి నింపాదిగా వచ్చింది. బావగారు కుంటడం చూసిన కండక్టరు రోడ్డు మధ్యకి వెళ్ళి దాన్ని ఆపేశాడు. డ్రైవరు పేరు ఏసురత్నం. నలభై దాటిన మనిషి. జబ్బు నయమైన ముసలాయన్నొకర్ని ఇంటి దగ్గర దింపి వట్టి బండితో ఏలూరు పోతున్నాడు.

"ఇది బస్సు కాదండి," అన్నాడు.

"పేషెంటేనండి," అని కండక్టరు బావగారి మడమ చూపించాడు. ఏసురత్నం దిగి, కాలు చూసి, తలాడించాడు. "ఎముక సంగతి తెలీదు కదండీ. పెద్దాసుపత్రిలో దింపుతాను. పడుకోండి."

కూర్చుంటానని బావగారు ఎంత చెప్పినా వినకుండా స్ట్రెచరు మీద పడుకోబెట్టి బెల్టు పెట్టాడు. పక్క సీట్లో నేను. బండి కదిలిన కాసేపటికి బావగారికి ఉత్సాహం వచ్చింది.

"సైరను వెయ్యరాండీ?"

"కాలు బెణికితే వెయ్యకూడదండి. ప్రాణం మీదికొస్తేనే."

"పోనీ, చిన్నగా వెయ్యండి."

"చిన్నదీ పెద్దదీ ఉండదండి. ఒకటే సైరను."

నాలుగున్నరకి ఏలూరు చేరాం. జనం బాగా ఉన్న ఒక కూడలి దగ్గర ఎర్ర లైటు పడింది. ఏసురత్నం తెల్లగీత ఇవతలే పద్ధతిగా బండి ఆపాడు. అక్కణ్ణించి మొదలైంది.

మా వెనక ఉన్నవాళ్ళు అంబులెన్సుని చూసి, మేం అడగకుండానే పక్కలకి జరిగారు. మోటారుసైకిలు ఆయనొకడు డ్రైవరు అద్దం మీద కొట్టాడు. "పోనియ్యవయ్యా, లోపల మనిషున్నాడు కదా." ఇంకొకాయన, "రెడ్డుకి ఆగాడేంటి వీడు?" అన్నాడు. స్కూటరు మీద ఒకావిడ మా కిటికీ వైపు చూసి కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. బావగారికి అది భరించరానిదైంది. బెల్టు ఊడదీసి లేచి కూర్చుని, అద్దంలోంచి ఆవిడకి చెయ్యి ఊపి, "బాగానే ఉన్నానండీ," అన్నారు. అద్దంలోంచి ఆవిడకి ఏం వినబడిందో గానీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పక్కన సైకిలు పట్టుకున్న ముసలాయన, "లేచి కూర్చున్నాడంటే ఆఖరి ఓపిక తల్లీ," అనడం నాకు స్పష్టంగా వినబడింది.

"పడుకోండి బావగారూ," అన్నాను. "మీరు కదిలినకొద్దీ వాళ్ళు కంగారుపడుతున్నారు."

ట్రాఫిక్ కానిస్టేబులు కూడా వచ్చాడు. "ఎందుకు ఆపావయ్యా?"

"రెడ్డుందండి."

"అంబులెన్సుకి రెడ్డేంటి?"

"సైరను లేదు కదండీ. ఎమర్జెన్సీ కాకపోతే నాదీ అందరి బండిలాంటిదేనండి."

కానిస్టేబులు లోపలికి తొంగి చూశాడు. బావగారు పాదం ఎత్తి చూపించారు. కానిస్టేబులు నవ్వాలో తిట్టాలో తేల్చుకోకముందే వెనక నుంచి సైరను మోగింది.

ఇంకో అంబులెన్సు. నిజంగా ప్రాణం మీదికొచ్చినది. మాకోసం జనం తీసిన దారిలోనే అది వేగంగా వచ్చి, మా వెనకే ఆగిపోయింది. ఊరంతా పక్కకి తప్పుకుంటే దారికి అడ్డంగా మిగిలింది మేమొక్కళ్ళమే.

పక్కకి తిప్పడానికి కుడీ ఎడమా జాగా లేదు. ముందుకి పోదామంటే ఎదుట ఎర్ర లైటు, అడ్డంగా వచ్చే బళ్ళకి పచ్చ లైటు. అవి ఆగకుండా వస్తున్నాయి. కానిస్టేబులు విజిలు ఊదుకుంటూ వాటిని ఆపడానికి పరుగెత్తాడు. కొన్ని ఆగాయి. ఐసు పెట్టెల లారీ ఒకటి మాత్రం పాటలు పెట్టుకుని వస్తూనే ఉంది. ఏసురత్నం అద్దంలో వెనక బండినీ, ఎదుట లారీనీ మార్చి మార్చి చూశాడు. "నా వెనకాల బండిలో మనిషి ఎవరోనండి. నేనెలా కదిలేది?" అన్నాడు.

నేను ఇటు తిరిగి చూసేసరికి స్ట్రెచరు ఖాళీ. బావగారు వెనక తలుపు తీసి ఒంటికాలి మీద రోడ్డు మీదికి దిగేశారు. నేను ఉరికి భుజం ఇచ్చాను. ఇద్దరం గెంతుకుంటూ కూడలి మధ్యకి వెళ్ళాం. మూడు చేల అవతల ఉన్న కూలీలని కేక వేసి పిలిచే గొంతు ఆయనది.

"లారీ… ఆపండోయ్… ఆపండీ…"

ఏలూరులో అంతటి కేక ఈ మధ్య ఎవరూ విని ఉండరు. పాటల్లోంచి కూడా వినబడింది. లారీ ఆగింది. దాని వెనకవీ ఆగాయి. కానిస్టేబులు మా అంబులెన్సు వైపు తిరిగి ముందుకి రమ్మని చెయ్యి ఊపాడు. ఏసురత్నం ఒకసారి ఎర్ర లైటుని చూశాడు, ఒకసారి ఆ చేతిని చూశాడు. చెయ్యి చూపిస్తే ఇక లైటు లెక్కలోకి రాదట, తరవాత చెప్పాడు. గీత దాటి, కూడలి దాటి, అవతల ఎడమ పక్కకి ఒదిగి ఆగాడు. సైరను బండి మా పక్కనుంచి దూసుకుపోయింది. దాని వెనక అద్దంలో, ఎవరినో పట్టుకుని వంగి కూర్చున్న ఒక ఆడమనిషి వీపు కనబడింది. అప్పటిదాకా నాకు లోపల నవ్వుగానే ఉంది. ఆ వీపు చూశాక ఆ నవ్వు పోయింది.

అంతలో మా వైపు పచ్చ లైటు పడింది. ఇందాక మాకోసం కన్నీళ్ళు పెట్టుకున్న జనమంతా ఒక్కసారి హారన్లు మొదలెట్టారు. కూడలి మధ్యలో అడ్డంగా ఉన్నది ఇప్పుడు మేమిద్దరమే.

"పేషెంటునండీ," అని అరిచారు బావగారు. ఎవరూ నమ్మలేదు.

పెద్దాసుపత్రిలో ఎక్సురే తీశారు. ఎముక విరగలేదన్నారు. మడమకి కట్టు కట్టి, ఆ కాలు కింద ఆనించొద్దన్నారు. ఏసురత్నం మాత్రం ఇంకా పోలేదు. ఆ సైరను బండిలో వచ్చిందెవరో కనుక్కోవడానికి లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. కనుక్కుని వచ్చి మా బెంచీ మీదే కూలబడ్డాడు. చేపల చెరువు కాపలా మనిషి, వీర్రాజట. మేత బస్తా ఎత్తుతుంటే కిందనున్న తాచుపాము చేతి మీద కాటేసింది. ఊపిరి అందని స్థితిలో తెచ్చారు. మందు ఎక్కిస్తున్నారు.

"అక్కడ మనమెంతసేపు ఆపామండీ?" అన్నాడు.

"మీరు ఆపలేదండి," అన్నారు బావగారు. "పచ్చ లైటున్నవాళ్ళూ ఎర్ర లైటున్నవాళ్ళూ కలిసి ఆపారు. వదిలింది కూడా వాళ్ళే."

రైలు ఒకటి పోయింది. ఇంకోటి ఉందన్నాను. ఆయన లేవలేదు. నేనూ తొందరపెట్టలేదు. చీకటి పడే వేళకి లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. ఆ వీపుని నేను గుర్తుపట్టాను. వీర్రాజు భార్య మంగ.

"మా బండి డ్రైవరు చెప్పాడండి. రోడ్డు మీద ఒంటికాలితో నిలబడింది మీరేనాండీ?"

"ఆయ్. ఎలా ఉన్నారమ్మా ఆయన?"

"కళ్ళు తెరిచారండి. డాక్టరుగారు గండం గడిచినట్టే అన్నారండి, రాత్రంతా ఇక్కడే ఉంచుతారంట." కొంగుతో మొహం తుడుచుకుంది. "తెరవగానే ఏమడిగారో తెలుసాండీ? నా చెప్పేదే అనడిగారండి. ఎత్తుకుని తెస్తుంటే చెరువు గట్టు మీద ఒకటి పడిపోయిందండి. ఇంత జరిగితే చెప్పు కావాలంటండి ఆయనకి." చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఏసురత్నం లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

బావగారు బెంచీ అంచుకి జరిగారు. తరవాత అడిగారు.

"ఏ కాలిదమ్మా?"

"ఎడమదండి."

ఆయన తన కట్టు కాలు వంక చూసుకుని, బెంచీ కింద ఖాళీగా పడున్న తోలు చెప్పుని చేత్తో తీసి ఆవిడ ముందు పెట్టారు. "ఇది నాకు ఇప్పట్లో పనికిరాదు. లేచాక తొడుక్కోమనండి. జత కుదరకపోతే అత్తిలి తెచ్చిమ్మనండి, అక్కడ మారుద్దాం." మంగ వద్దంది. తరవాత తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఏసురత్నమే మమ్మల్ని ఆటోలో స్టేషనుకి తీసుకొచ్చి, బావగారి నడుం పట్టుకుని పెట్టె ఎక్కించాడు. రాత్రి బండిలో జనం పల్చగా ఉన్నారు. కిటికీ బయట ఏమీ కనబడలేదు, అప్పుడప్పుడు చెరువుల మీద దీపాలు తప్ప. కొల్లేరు వెళ్ళాలనుకునేవారు చలికాలంలో, పొద్దున్నే వెళ్ళండి. పడవ దిగేటప్పుడు చెక్క చూసి కాలు పెట్టండి. దారిలో సైరను వినబడితే లోపల ఎవరున్నారో చూద్దామని ఆగకండి, ఎడమకి ఒదగండి. ఒక రోజు తిరుగుడుకి ఇంతకంటే ఎక్కువ నేను నేర్చుకోలేదు, మనుషులు మంచివాళ్ళే గానీ హారను మీద చెయ్యి ఉన్నప్పుడు కొంచెం మరిచిపోతారన్నది తప్ప.

భీమడోలులో ఎక్కిన ఒకాయన ఎదుటి సీట్లో కూర్చుని, బావగారి కాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. ఒకదానికి కట్టు, ఒకదానికి చెప్పు.

"రెండో చెప్పు రైల్లో పోయిందాండీ?"

"పోలేదండి," అన్నారు బావగారు, కట్టు కాలు జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టుకుంటూ. "ఏలూర్లో ఉంది. రేపో ఎల్లుండో నడుస్తుంది."