లాజరు కట్టిన మిల్లు

మహేశ్వర్ చివ్వెంల దగ్గరి గొర్లకాపరుల ఇంట పుట్టాడు. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతూ రెండో ఏడు మధ్యలో మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే నచ్చలేదనేవాడు. అంతకు మించి చెప్పడానికి అతని దగ్గర నిజంగానే ఏమీ లేదు. తండ్రి రామనర్సయ్య ముఖం చూడలేక ఊరికి పోకుండా, సూర్యాపేటలో యాదగిరి అనే ఆయన నెట్ సెంటర్లో పనికి కుదిరాడు. పిల్లలకు హాల్ టికెట్లు తీసివ్వాలి, రిజల్టులు చూసిపెట్టాలి. గిరాకీ లేనప్పుడు మాత్రం మూలనున్న సిస్టం అతనిదే.

అందులో ఒక ఆట ఉండేది. తుపాకులు లేవు, పరుగులు లేవు. మనుషుల జాడలేని చోట ఒక బొమ్మ మనిషిని నడిపించాలి. ఎక్కడో ఒక చక్రం ఉంటుంది, ఎక్కడో ఒక తలుపు ఉంటుంది. ఏది తిప్పితే ఏది తెరుచుకుంటుందో మనమే తేల్చుకోవాలి. తయారుచేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. ఆడిన వాళ్లు వదల్లేదు. ఏ దేశం వాడు ఆ దేశంలో కూర్చుని, తన సొంతంగా ఒక్కో లోకం కట్టి అందరికీ కలిపి ఉన్న సైటులో పెట్టేవాడు. ఒకడు మంచులో దీపస్తంభం కట్టాడు. ఒకామె సముద్రం అడుగున బడి కట్టింది. మహేశ్వర్‌కు కట్టడం రాదు. తిరగడం వచ్చు. గోడ గోడకూ బొమ్మను తాకించి, నేల ఎక్కడ చిరిగి బొమ్మ జారిపోతోందో పట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్లకు రాసేవాడు.

యాదగిరికి ఇది అర్థమయ్యేది కాదు. "మీ నాయిన గొర్ల ఎంబడి నడుస్తడు, ఉన్నియన్న ఒస్తది. నువ్వు నడుస్తున్నవ్, నాకు కరెంటు బిల్లొస్తంది," అనేవాడు. మహేశ్వర్ నవ్వి మళ్లీ తెర వైపు తిరిగేవాడు.

ఈ పిచ్చి అతనికి అంటించింది లాజరు. కోదాడలో ఇద్దరూ ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లు. లాజరుది మిర్యాలగూడ. తండ్రి లేడు. తల్లి చంద్రమ్మ బాయిల్డ్ రైస్ మిల్లులో కూలి. లాజరు చదువు పూర్తిచేశాడు గానీ ఉద్యోగం దొరకలేదు. ఇంట్లో కూర్చుని ఏడాదికి పైగా ఒకటే పని చేశాడు. ఆ ఆట కోసం ఒక రైస్ మిల్లు కట్టాడు. లారీ కాంటా, వడ్లు నానబెట్టే తొట్లు, ఆవిరి గొట్టాలు, వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం, దాని అవతల బాయిలరు గది తలుపు.

2011 వానకాలంలో దాన్ని సైటులో పెట్టాడు. అప్పటికే కామెర్లతో ఒళ్లు పచ్చబడుతోంది. ముందు ఆకుపసరు తాగించారు, తర్వాత దవాఖానకు తీసుకుపోయారు. అప్పటికే ఆలస్యమైంది, దక్కలేదు. అతని కంప్యూటరును కొన్నవాళ్లు అందులో ఉన్నదంతా తుడిచేసుకున్నారు. సైటులో ఉన్న మిల్లు తప్ప లాజరు చేశాడని చూపించడానికి ఏమీ మిగల్లేదు.

మట్టి చేసిన రోజున బస్తీలో వాళ్లు ఆ కంప్యూటరు డబ్బా ముందు కూర్చుని కూర్చునే పిల్లగాడు పాడయ్యాడని గుసగుసలాడారు. అవన్నీ చంద్రమ్మ చెవిన పడ్డాయి. ఆమె మహేశ్వర్‌ను పక్కకు పిలిచింది.

"వాడు చేస్తున్న పని అయిందా బిడ్డా? అయిందా, కాలేదా, గంతే చెప్పు."

చూసి చెప్తానన్నాడు. సూర్యాపేటకు వచ్చి చూశాడు. చెప్పలేకపోయాడు, ఎందుకంటే బాయిలరు గది తలుపు తెరుచుకోలేదు.

చక్రాలు తిరుగుతున్నాయి, ఆవిరి వస్తోంది, కాంటా ముల్లు సరిగ్గా నిలబడుతోంది. కల్లం దాటి పోయి తలుపు తోస్తే మాత్రం కదలదు. మిగతా దేశాల వాళ్లకూ అంతే. ఆ సైటుకు ఒక నియమం ఉంది. కట్టినవాడు కాక ఇంకొకరెవరైనా మొదలు నుంచి చివరి దాకా పోయి రావాలి. ఎవరూ పోలేకపోతే ఆ లోకం పాడైందని తీసేస్తారు. మరుసటి ఎండాకాలంలో లాజరు మిల్లు మీద ఆ నోటీసు పడింది. నెలాఖరు దాకా గడువు.

మహేశ్వర్ చేయని ప్రయత్నం లేదు. చివరికి తీసేయకముందే చంద్రమ్మకు తన నోటితో చెప్పాలని మిర్యాలగూడ బస్సెక్కాడు.

మిల్లు గేటు ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. లోపల కల్లం నిండా ఉడికిన వడ్లు పొగలు కక్కుతున్నాయి. ఆడవాళ్లు వాటి మీద నడుస్తూ పాదాలతో సాళ్లు తీసి తిరగేస్తున్నారు. చంద్రమ్మ ఆ చివరన ఉంది. అతను చెప్పులు విడిచి కల్లంలో అడుగుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్లు చుర్రుమన్నాయి. కిందికి చూసుకుని అక్కడే నిలబడిపోయాడు.

చెప్పులు విడవమని అతనికి ఎవరూ చెప్పలేదు. వడ్ల మీదికి చెప్పులతో పోరు, అంతే. పుట్టిన దగ్గరి నుంచి అతనూ అంతే. కానీ లాజరు మిల్లులో అదే కల్లం మీది నుంచి అతను తన బొమ్మను ఇన్ని నెలలు బూట్లతో నడిపించాడు. తెర మీది మనిషికీ పాదాలుంటాయన్న సంగతే అతనికి తట్టలేదు. లాజరుకు మాత్రం, ఇది ఎవరికైనా చెప్పాల్సిన సంగతి అని తోచి ఉండదు.

చంద్రమ్మ దగ్గరికొచ్చింది. ఆదివారం వస్తానని మాత్రం చెప్పి, స్టేషన్ దగ్గరున్న నెట్ సెంటరుకు పోయాడు. కల్లం అంచున బొమ్మను నిలబెట్టి పాదాల మీద నొక్కాడు. బూట్లు విడిచింది. కల్లం దాటాడు. తోయకముందే తలుపు తెరుచుకుంది.

లోపల గది లేదు. గడపవతల కొంచెం నేల, ఒకవైపు సగం గోడ ఉన్నాయి. ఆ తర్వాత అంతా బూడిదరంగు. ముందుకు నడిపిస్తే బొమ్మ అందులోకి పడిపోయింది.

సూర్యాపేటకు తిరిగొచ్చాక మహేశ్వర్ రాని పని మొదలుపెట్టాడు. లాజరు పాస్‌వర్డు అతనికి తెలుసు. తలుపు వెనక ఒక గది కట్టి, లాజరు పేరుతోనే అతికిస్తే లోకం పూర్తవుతుంది. సైటులో నిలుస్తుంది. ఆ తల్లికి అయిందమ్మా అని చెప్పవచ్చు. బాయిలరు ఫొటోలు వెతికి, వాటిని చూస్తూ నానాతంటాలు పడి ఒక గది కట్టాడు, కానీ సైటులో పెట్టడానికి వెనకాడాడు. పెట్టెయ్, ఎవరికి తెలుస్తుందని యాదగిరి కూడా అన్నాడు. పైగా తన లాప్‌టాప్ ఇచ్చి పంపాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చిన చంద్రమ్మ తెల్ల చీరతోనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. మహేశ్వర్ కాంటా దగ్గర మొదలుపెట్టి బొమ్మను నడిపించాడు. ఆమె తెర మీద వేలుపెట్టింది.

"పొగగొట్టం గీడ లేదు. కాంటా దిక్కున్నది. వానికి చిన్నప్పటి సంది కుడెడమలు తెల్వవు."

తలుపు దాకా వచ్చారు. ఆమె మళ్లీ అదే అడిగింది, అయిందా అని. మహేశ్వర్ ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనకుండా తలుపు తెరిచి తను కట్టిన గది చూపించాడు. ఇటుకలు, మంట, గుండ్రటి బాయిలరు.

చంద్రమ్మ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది వాడు చెయ్యలే."

"ఎట్ల చెప్తున్నవమ్మ?"

"బాయిలరు కాడికి వాన్ని నేనెన్నడు పోనియ్యలే. కాలుతదని భయం. గడపకాడనే కూసుండేటోడు, నా పని అయ్యేదాంక. లోపల ఎట్లుంటదో వానికి తెల్వది బిడ్డా. సూడనిది ఎట్ల కడతడు?"

మహేశ్వర్ తల దించుకుని, లోపలిది తనదేనని, లాజరు తలుపు దాకానే చేశాడని చెప్పాడు. ఆమె ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి గడపకాడికే ఉంచు. వాడు చేసినంతనే వానిది. నీది తీసెయ్."

ఆమె కళ్ల ముందే తీసేశాడు.

ఆ సాయంత్రం సైటు నడిపేవాళ్లకు ఉన్నదున్నట్టు రాశాడు. కల్లం మీదికి బూట్లు విడిచి పోవాలని, మా దగ్గర అంతేనని, కట్టినవాడు చనిపోయాడని, తలుపు అవతల ఏమీ లేదని. మరి ఈ లోకం ఎక్కడ అయిపోతుందని వాళ్లు తిరిగి అడిగారు. గడప దగ్గర అని రాశాడు. కట్టినవాడు అక్కడి దాకానే చూశాడని కూడా రాశాడు.

గడువుకు ముందు రోజు జవాబొచ్చింది. ఇంకో ముగ్గురు బూట్లు విడిచి గడప దాకా పోయొచ్చారట. నోటీసు తీసేశారు. మిల్లు ఉంటుంది.

చంద్రమ్మకు ఫోన్ లేదు. మిల్లు మేస్త్రీ ఫోన్‌కు చేసి ఆమెను పిలిపించాడు. వెనక నుంచి మిల్లు మోత వినబడుతోంది. ఉంచుతున్నారమ్మా, గడప దాకా చేసినా అయినట్టే లెక్కన్నారని గట్టిగా చెప్పాడు.

"మంచిది బిడ్డా," అంది. తర్వాత మబ్బు పడుతోందని, వడ్లు కుప్పెయ్యాలని చెప్పి ఫోన్ మేస్త్రీకిచ్చేసింది.