ఖాళీ రెండేళ్ళకు సాక్షి

నేను రెండేళ్ళపాటు విమానానికి కెప్టెన్‌గా పనిచేశాను. తార్నాకలో బయలుదేరి దుబాయ్, దోహా, ఒకసారి మంచు కురుస్తుండగా మాస్కో కూడా వెళ్ళొచ్చాను.

సరే, ఒప్పుకుంటాను. అది విమానం కాదు. మా ముందుగదిలో పక్కపక్కన వేసిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఎదురుగా గోడకు కాక్‌పిట్ బొమ్మ అచ్చేసిన పెద్ద పోస్టరు ఉండేది. ఎడమ కుర్చీలో కెప్టెన్‌గా నేను, కుడి కుర్చీలో మా పై పోర్షన్‌లో అద్దెకున్న అమ్మాయి. ఇద్దరిలో నిజమైన పైలట్ ఆమే.

ఆమెది గోదావరి వైపు. మన దేశంలోనే ఒక విమానాల కంపెనీలో కో-పైలట్‌గా చేసేది. ఆ కంపెనీ మూతపడింది. మిగతా కంపెనీల గుమ్మాల ముందు ఆమెలాంటి వాళ్ళు బారులు తీరి ఉన్నారు. అందుకని పరాయి దేశాల్లో ఉద్యోగం వెతుక్కుందామని, చదువుకోవడానికి యూనివర్సిటీ చెట్లనీడ దగ్గరగా ఉంటుందని మా ఇంటి మెట్లెక్కింది.

ఇల్లు చూడటానికి వచ్చిన రోజే నా గురించి చెప్పుకున్నాను. "నేను రైల్వేల రిటైరైన. లాలాగూడ వర్క్‌షాప్ అంతా నా చేతిమీదనే నడిచింది."

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "స్టోర్‌ల గుమాస్తా, బిడ్డా. ఈయన జెప్పిన దాంట్ల సగం తీసెయ్. మిగిలిన సగం నన్నడుగు."

అమ్మాయి నవ్వి, అడ్వాన్స్ ఇచ్చేసి, మర్నాడే సామాను తెచ్చుకుంది.

పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లో నడిచేవాళ్ళం. నేను రోజూ పది కిలోమీటర్లు నడిచేవాణ్ణి. అంటే, టీ బండి దాకా రెండు. మిగతావి కబుర్లు. టీ తాగాక ఆమె ఒక చెట్టు కింద రాతిబెంచీ మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచేది. నేను పక్కన పేపరు తెరిచి, పేపరు మీదుగా ఆమె తెరలోకి తొంగి చూసేవాణ్ణి.

ఏ దేశం ఎయిర్‌లైన్‌ అయినా దరఖాస్తులో ముందే ఒక ప్రశ్న ఉండేది. 'మా దేశంలో నివసించి పనిచేసే హక్కు మీకు ఉందా?' ఆమె 'లేదు' మీద నొక్కేది. చాలాసార్లు అక్కడితోనే సరి. ధన్యవాదాలు చెప్పి పేజీ మూసుకుపోయేది.

"ఉన్నదని కొట్టరాదు, బిడ్డా? వాళ్ళొచ్చి చూస్తరా?"

"చూస్తారండి తాతగారూ. మిగతా ఏది తక్కువైనా సర్దుకుంటారేమో గానీ, అబద్ధం ఒక్కటి దొరికిందంటే ఇంక కాక్‌పిట్ ఎక్కనివ్వరండి."

"ఒక్కదానికే?"

"ఒక్కదానికేనండి."

నేను టీ ఊదుకున్నాను. ఆ లెక్కన చూస్తే నన్ను సిటీబస్సు కూడా ఎక్కనివ్వకూడదు.

మా చుట్టూ అన్ని చెట్ల కిందా సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలే. ఒకసారి వాళ్ళలో ఒకమ్మాయి దగ్గరికొచ్చి అడిగింది.

"అక్కా, నువ్వు గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా?"

"రెండూ కాదు."

"మరి ఎస్సైనా?"

"గాలి, మబ్బులు, ఇంజన్లు. అవి చదువుతున్నా."

"గట్లాంటి నోటిఫికేషన్ ఎప్పుడు పడ్డదక్కా? మాకు జెప్పనే లేదు!"

ఆమెకు ఒక్కటే భయం. పైలట్‌ను ఎన్ని గంటలు నడిపావని అడిగాక, చివరిసారి ఎప్పుడు నడిపావని కూడా అడుగుతారట. నేల మీద గడిచే ప్రతి నెలా ఆమె విలువను కొంచెం కొరుక్కు తింటుంది. చేతి అలవాటు పోకుండా ఉండాలని సాయంత్రాలు ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. విమానం దింపేముందు సరిచూడాల్సినవి నేను కాగితం చూసి ఒక్కొక్కటే చదివేవాణ్ణి. ఆమె పోస్టరు మీద ఆ మీట ఉన్న చోట వేలు పెట్టి జవాబు చెప్పేది. చక్రాలు దిగాయి. దీపాలు వెలిగాయి. సరిగ్గా రన్‌వే కనిపించే వేళకు వంటింట్లోంచి వినిపించేది.

"దిగినంక జర కరివేపాకు తెండి, కెప్టెన్ సాబ్."

రెండో ఏడాది చివర్లో గల్ఫ్‌లోని ఒక ఎయిర్‌లైన్ ఆమెను పిలిచింది. విమానంలాగే ఊగే యంత్రంలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. నెగ్గింది. వీసా కూడా వాళ్ళే ఇస్తామన్నారు. ఒక్క షరతు. గడిచిన అయిదేళ్ళలో ఎక్కడ ఏం చేసిందో వాళ్ళు విచారించుకోవాలి. ఉద్యోగం లేని కాలానికి, బంధువు కాని మనిషి ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. ఆ రెండేళ్ళకూ ఆమె నా పేరు రాసింది.

మా వీధి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పెళ్ళిసంబంధాల వాకబుకు ఎవరొచ్చినా, పెద్దమనిషినని నన్నే అడుగుతారు. నేను ఎవరినీ తక్కువ చేయలేదు. 'చాయ్ కూడా ముట్టడు' అని నేను మాటిచ్చిన పెళ్ళికొడుకును వాడి బారాత్‌లోనే నలుగురు మోసుకొచ్చారు. ఉన్నదున్నట్టు చెబితే, మనసులో ఏదో పగ పెట్టుకున్నానని అనుకుంటారు మావాళ్ళు. పెంచి చెప్పడం ఇరుగుపొరుగు ధర్మం.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల ఒకావిడ, ఇంగ్లీషు. ఆ ఎయిర్‌లైన్ తరఫున విచారించేది ఆమేనట. పేరూ, ఇల్లూ అడిగి, అసలు ప్రశ్నకు వచ్చింది.

"మీ ఇంట్లో ఉన్న రెండేళ్ళూ ఆమె ఏం చేసేది?"

ఖాళీగా ఉందని ఎలా చెప్పను? ఇంట్లో పిల్లను ఖాళీగా ఉందని పరాయివాళ్ళ ముందు ఎవరైనా అంటారా?

"యూనివర్సిటీలో రీసెర్చ్ మేడమ్."

"దేనిమీద?"

"గాలిమీద." అక్కడన్నా ఆగాల్సింది. "ప్రొఫెసర్లే వచ్చి ఆమెను డౌట్లడిగి పోయేవాళ్ళు."

సాయంత్రం ఆమె రాగానే గొప్పగా చెప్పాను. ఆమె చేతిలోని స్కూటీ హెల్మెట్ మెల్లగా టేబుల్ మీద పెట్టింది.

"నేను ఉద్యోగం లేదని రాశానండి తాతగారూ. ఇంట్లో ఉండి చదువుకున్నానని రాశాను."

కేకలేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. పోస్టరు దగ్గరికి వెళ్ళి, ఊడిన ఒక మూలను వేలితో నొక్కి అంటించి, పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు మెయిల్ వచ్చింది. ఆమె రాసిందానికీ సాక్షి చెప్పిందానికీ పొంతన లేదు, ఇది తేలేదాకా ఉద్యోగంలో చేర్చుకోవడం ఆపాం అని. వచ్చే నెల బ్యాచ్ తప్పితే తరవాతది ఎప్పుడో తెలియదు. అప్పటికి ఆమె నేల మీద ఉన్న కాలం ఇంకా పెరుగుతుంది. తరవాత ఎవరూ తీసుకోరు.

"లోకంల అందరి పెళ్ళిళ్ళు జేసినవ్. ఈ పిల్ల నౌకరీ ఖరాబ్ జేసినవ్," అంది మా ఆవిడ. ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "చెయ్."

చేశాను. అదే గొంతు.

"నేను నిన్న చెప్పింది అబద్ధం మేడమ్."

"ఎందుకు చెప్పారు?"

మా వీధి వాకబుల సంగతి నాకొచ్చిన ఇంగ్లీషులో విప్పి చెప్పాను.

"అయితే ఆమెకు పెళ్ళా?"

"కాదు మేడమ్. ఉద్యోగమే. నాకే తేడా తెలియలేదు."

"సరే. ఈసారి మీరు కళ్ళారా చూసింది చెప్పండి. పెంచొద్దు, తగ్గించొద్దు."

ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. పొద్దున్నే మా ఆవిడ నిద్ర చెడకుండా బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగేదని చెప్పాను. రాతిబెంచీ మీద చదువుకునేదని, పైన విమానం పోతే తలెత్తేది కాదని, ఆ చప్పుడు సద్దుమణిగేదాకా పేజీ మాత్రం తిప్పేది కాదని చెప్పాను. వాన వస్తే క్యాంపస్‌లోని పెద్ద రాతిభవనం వసారాలో నిలబడి, గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో నాకు చూపించేదని చెప్పాను. పక్కింటి పిల్లలిద్దరికీ లెక్కలు నేర్పేదని, కుదరదని మెయిల్ వచ్చిన రోజున తార్నాక చౌరస్తాలో దోశ తింటూ ఒక్క మాటా మాట్లాడేది కాదని, మర్నాడు మళ్ళీ బూట్లు పట్టుకుని దిగేదని చెప్పాను. కుర్చీల సంగతి కూడా చెప్పాను. కెప్టెన్‌ను నేనని మాత్రం చెప్పలేదు. తరవాత అదీ చెప్పేశాను.

"ఇవన్నీ మీరెలా చూశారు? రోజూనా?"

"రోజూనే మేడమ్. నాకూ పని లేదు. ఆమె ఖాళీగా ఉన్న రెండేళ్ళూ నేనూ ఖాళీగానే ఉన్నాను."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ఉద్యోగం లేదు. మీ ఇంట్లో ఉంది. చదువుకునేది. ఇంతే రాస్తున్నాను."

"ఇంతే రాయండి," అన్నాను. రెండేళ్ళ బతుకు అంత చిన్నగా వినిపించింది.

నాలుగు రోజులకు మబ్బు విడింది, చేరమని మెయిల్ వచ్చింది. ఆ బ్యాచ్ అందుకోవడానికి ఆమె వెళ్ళిపోయింది. పోస్టరు తీసుకుపొమ్మన్నాను. "అక్కడ నిజంది ఉంటుంది కదండీ," అంది. అది ఇంకా మా గోడకే ఉంది. మూల మళ్ళీ ఊడింది. ఈమధ్యే పై పోర్షన్‌లోకి సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చారు, పగలంతా పడుకుంటారు.

ఆదివారాలు ఆమె ఫోన్ చేస్తుంది. మొన్న దోహాలో ఉందట.

"ఏం చేస్తున్నారండి తాతగారూ?"

"నేనా? యూనివర్సిటీల రీసెర్చ్ చేస్తున్న."

ఆమె నవ్వలేదు. మిగతాది కూడా చెప్పేదాకా ఎదురుచూసింది. అది నా గొప్పలు వినీ వినీ నేర్చుకున్న విద్యే.

"టీ బండి దాకా పోయిన, బిడ్డా. మన బెంచీ మీద కూసున్న. విమానం పోయింది. నీ లెక్క తల ఎత్తకుండ ఉందామనుకున్న."

"ఉన్నారా?"

"లేదు. కనవడకుండ పోయేదాంక చూసిన."