పతలా అన్నాడు, పాత అన్నాను

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఒకే ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

ఒడిశాలో, రాయగడ పొలిమేరలో ఒక చిన్న ఫ్యాక్టరీ. అక్కడ పైపులు తనిఖీ చేసే టెక్నీషియన్‌ని నేను. అమ్మోనియా గ్యాసు వెళ్లే లైను ఒకటి ఉండేది. చల్లదనం పోకుండా దాని చుట్టూ దళసరి పొర, పొర మీద రేకు. రేకు సందుల్లోంచి వాననీరు దిగితే లోపల ఇనుమును తుప్పు తినేస్తుంది, పైన రేకు మాత్రం పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. అందుకని ఏడాదికోసారి పొర విప్పించి, పైపు మందం మీటరు పెట్టి కొలవాలి. ఒక ఏడాది నేను విప్పించలేదు. నిచ్చెన ఎక్కడానికి బద్ధకించి, అంతకుముందు ఏడాది అంకెలే మళ్లీ రాసేశాను. అందరూ చేసేదే అనుకున్నాను. అందరూ చేశారా? తెలియదు. నేను చేశాను.

మరుసటి ఏడాది పొర విప్పినవాడు సుక్రు. కాంట్రాక్టు పనివాడు, కొండ పల్లె నుంచి వచ్చిన, దేశియా ఒడియా మాట్లాడే మనిషి, వయసులో నాకంటే పెద్ద. పైపు స్టాండు మీద ఆనే చోట, నీరు నిలిచే చోట, రేకు తీసి చిన్న సుత్తితో తట్టి చూశాడు.

“సార్, ఇక్కడ పతలా అయిపోనాది. సప్పుడు తేడాగున్నాది.”

“నీకెందుకురా? కొలిసీవోణ్ణి నేను కదేటి. మూసీ.”

“మూసేస్తే మల్లీ ఎవులు సూస్తారు సార్?”

పైపు పలచబడిందని తెలిసే మూయించాను. అక్కడ కొలిస్తే, ఒక్క ఏడాదిలో ఇంత తుప్పు ఎలా తినేసిందని అడుగుతారు, నిరుటి దొంగ రాత బయటపడుతుంది. ఆ భయంతో మూరెడు ఇవతల, పైపు బాగున్న చోట విప్పించి కొలిచాను. ‘స్టాండు దగ్గర’ అని రాశాను. చూసేవాళ్లకు అబద్ధంలా కనబడదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం సరిగ్గా ఆ స్టాండు మీదే పైపుకు చిల్లి పడి గ్యాసు కిందికి చిమ్మింది. కింద కూర్చుని రేకు కోస్తున్నది సుక్రే. ప్రాణం దక్కింది. కళ్లు పోయాయి.

విచారణ జరిగింది. సుక్రు ముందే హెచ్చరించాడని అతని జట్టువాళ్లు చెప్పేశారు. విశాఖపట్నం హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారి, తెలుగాయనే, నన్ను పిలిచి నిజమేనా అని అడిగాడు. అప్పుడు నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఏదో అన్నాడండీ, నాకు ‘పాత’ అని వినబడింది, పాత లైనే కదా అనుకున్నాను, వాళ్ల భాష నాకు అంతగా రాదు, అన్నాను. ఆయన తల ఊపి, భాష తేడా వల్ల జరిగిన పొరపాటు అని రాసుకున్నాడు.

భాష రాదట నాకు! గుణుపురంలో పుట్టి, ఒడియా బడిలో చదువుకున్నవాణ్ణి. పప్పయినా మజ్జిగైనా పలచగా ఉంటే మా ఇంట్లో పతలా అనే అంటాం. విచారణలో ఏం చెప్పానో ఆ సాయంత్రమే మా ఆవిడకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే, పాలు ఇంత పతలాగా ఉన్నాయేమని పాలవాణ్ణి ఒడియాలో నిలదీస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి వింది. గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరువాత, తెలుగో హిందీయో బాగా రానివాళ్లను పనిలో పెట్టుకోకూడదని నియమం వచ్చింది. సుక్రు జట్టంతా ఇంటికి పోయింది. సుక్రు నాతో మాట్లాడింది తెలుగులోనే కదా, ఒక్క మాట తప్ప. నా కోసం నా భాష నేర్చుకున్నవాణ్ణి నేను భాష రానివాణ్ణి చేశాను.

నన్ను మాత్రం కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే పనిలో వేశారు. నీరు నిలిచే చోటే ముందు విప్పండి, సుత్తి పట్టినవాడి మాట వినండి, అని చెబుతాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది.

సుక్రు దగ్గరికే వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. వెళ్లాను, ఒకసారి. అరుగు మీద కూర్చుని చీపురు పుల్లలు వేళ్లతో తడిమి ఏరుతున్నాడు. నా అడుగుల చప్పుడుకి తలెత్తి, ఎవరని అడిగాడు. నేను పలకలేదు. పైపు చప్పుడులో తేడా పట్టిన చెవి అది, నా గొంతు పట్టదా? వచ్చిన దారినే తిరిగి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీరు ఇవ్వగలిగింది కాదు, అతన్ని అడిగే ధైర్యం నాకు లేదు. జరిగింది జరిగినట్టు ఒక్కసారైనా రాయాలనిపించింది, అంతే. సుక్రు పతలా అన్నాడు. నాకు పతలా అనే వినబడింది. అర్థం కూడా అయింది.