మూతి కుదిరిన తూటా

ఖాదర్ వలికి తొందరంటే తెలియదు. ఆ నిదానాన్ని మా ఊళ్ళో అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. కనిగిరికి పడమట మా ఇద్దరి చేలూ ఒకే గట్టుకి అటూ ఇటూ ఉన్నాయి. నిదానస్తుడి పక్కన చేను ఉంటే ఎంత నరకమో అడవిపందుల కాలంలో తెలుస్తుంది.

వాళ్ళ నాన్న నాటి సింగిల్ బ్యారెల్ తుపాకీ అతనిది. పందుల్ని బెదరగొట్టడానికి లైసెన్సు ఉంది, పేలిన తూటాలు ఇంట్లో నింపుకోవడానికీ కాగితం ఉంది. సైకిల్ షాపు ఎత్తేశాక చేతులు ఊరుకోక ఆ పనిలో పడ్డాడు. పేలిన తూటా మూతి చీలికలు పడుతుంది కదా, ఆ చీలిక మేర కత్తిరిస్తాడు. తూటా గొట్టం కురచైపోయాక కొత్తదానిలా మూతి పువ్వురేకుల్లా మడతపడదు. అందుకని మందూ గుళ్ళూ నింపి, పైన అట్టబిళ్ళ పెట్టి, బల్లకు బిగించిన చేతిమరతో అంచును లోపలికి గుండ్రంగా చుడతాడు. నచ్చకపోతే విప్పి మళ్ళీ చుడతాడు. ఒక్క తూటాకి ఒక పూట! పెళ్ళికూతురి జడకి కూడా అంతసేపు పట్టదు.

ఈ ఏడు వాళ్ళావిడ నసీమున్నీసా పట్టుబట్టి రెండెకరాల్లో మొక్కజొన్న వేయించింది. వరసగా రెండేళ్ళు మిర్చి తెగులుకి పోయింది, ఇదైనా ఇంటికి చేరాలని ఆమె ఆశ. నీళ్ళు కట్టింది ఆమే, కలుపు తీసింది ఆమే.

"కాపలా మాత్రం మీదేనండీ," అంది.

"నువ్వు నిశ్చింతగా పడుకో. పన్నెండు తూటాలు సిద్ధం," అన్నాడు మహానుభావుడు.

గింజ పాలుపోసుకున్న వారంలోనే, తెలతెలవారుతుండగా అతని చేలో పందుల మంద దిగింది. నేను గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నాను.

"ఒరేయ్ వలీ, పేల్చరా!"

అతను డబ్బా తెరిచి, టార్చి వేసి, ఒక్కో తూటా తీసి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావురా, నీ బొంద!"

"ఉండరా. ఇవి బాగా కుదిరినయ్. కాస్త వంకరపోయింది ఒక్కటన్నా ఉండకపోద్దా?"

ఉంటేగా! పన్నెండూ అచ్చుపోసినట్టున్నాయి. ఏది పేల్చడానికీ అతనికి మనసు ఒప్పలేదు. అతను ఎంచుతూనే ఉన్నాడు, కండెలు పటపటా విరుగుతూనే ఉన్నాయి. నేను గట్టు దిగి పరిగెత్తేసరికి పందులు కడుపులు నింపుకుని వాటంతట అవే వెళ్ళిపోయాయి.

పొద్దెక్కాక నసీమున్నీసా క్యారేజీతో వచ్చింది. ఒక్క సాలు కూడా సరిగ్గా నిలబడి లేదు. బురదలోంచి ఒక కండె ఏరి, తొక్క ఒలిచి చూసి, అక్కడే వదిలేసింది.

"తుపాకీ పేలలేదా అండీ?" అని మెల్లగా అడిగింది.

"ఒక్క తూటా కూడా పాడుచెయ్యలేదు," అన్నాడు. అనేశాక తన మాట తనకే వినపడిందేమో, తల దించుకున్నాడు.

ఇప్పుడు తిడుతుంది, బాగా తిట్టాలి అనుకున్నాను. ఆమె డబ్బాలోంచి ఒక తూటా తీసింది. బురద అంటిన బొటనవేలితో దాని మూతి చుట్టూ తడిమింది.

"నిజమేనండీ, ఎంత బాగా కుదిరిందో," అంది.

ఆ మాటలో వెటకారం లేదు. ఖాదర్ వలి గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.